ఖాసిం రజ్వీ అధికారం ఎవరిది? రజాకార్ల చరిత్రపై వాదోపవాదాలు

లాతూరులో వకీలుగా ఉన్న ఖాసిం రజ్వీ 1946 చివర్లో మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అధ్యక్షుడయ్యాడు. 1948 సెప్టెంబరు 19న అరెస్టయ్యాడు. రెండేళ్లు కూడా నిండని ఈ కాలంలో హైదరాబాద్ సంస్థానంలో ప్రధానులు మారారు, కుదిరిన ఒప్పందాలు తెల్లారేసరికి తలకిందులయ్యాయి, ఊళ్లు తగలబడ్డాయి, చివరికి రెండు శతాబ్దాలు దాటిన అసఫ్ జాహీల రాజ్యమే పోయింది. ఇంత జరిగినా రజ్వీకి ప్రభుత్వంలో ఏ పదవీ లేదు. మంత్రి కాడు, ప్రధాని కాడు, సేనాధిపతి అంతకన్నా కాడు. తెలుగు పుస్తకాల్లోనూ ఉపన్యాసాల్లోనూ మాత్రం "ఫాసిస్టు నియంత" అన్న బిరుదు అతని పేరును వదలదు. పదవే లేనివాడు నియంత ఎలా అయ్యాడన్న చోటే చరిత్రకారులు దారులు చీలిపోతారు.

కమలాపురం, కడప వైపు ఈ చరిత్ర విన్నదే తప్ప కన్నది కాదు. ఆ ప్రాంతాన్ని నిజాం 1800లోనే ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు; దత్తమండలాలన్న పేరు అప్పటిదే. 1948 నాటికి అక్కడ నిజాం పాలన పోయి నూట నలభై ఎనిమిదేళ్లు. కర్నూలు వాళ్లకు మాత్రం తుంగభద్ర దాటితే అవతల ఒడ్డు అలంపురం, నిజాం ఇలాకా. సరిహద్దు జిల్లాలకు రజ్వీ దండైన రజాకార్ల సంగతులు చేరింది రెండు దారుల్లో: ప్రాణాలు దక్కించుకుని వచ్చిన కాందిశీకుల నోట, మద్రాసు రాష్ట్రపు పార్టీ పత్రికల ద్వారా. బంగాళాఖాతం అలలు నిజాం పాదాలు కడుగుతాయని రజ్వీ అన్నట్టు 1948 ఏప్రిల్‌లో పత్రికల్లో వచ్చినప్పుడు, ఆ మాట నిజం కావాలంటే పోవలసింది తమ జిల్లాలేనని మద్రాసు రాష్ట్రపు తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేకపోయింది. ఆ ప్రసంగ పాఠం ఎంతవరకు నమ్మదగిందన్నది వేరే వివాదం.

రజ్వీకి ముందు

మజ్లిస్ 1927లో పుట్టింది. ముస్లింలలోని వేర్వేరు శాఖలను ఒక్క తాటిమీదికి తేవడమే తొలినాళ్ల లక్ష్యం. 1938లో బహదూర్ యార్ జంగ్ అధ్యక్షుడయ్యాక అది రాజకీయ పార్టీగా మారింది. ఆ ఏడాదే హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ మీద నిషేధం వచ్చింది, ఆర్యసమాజ్ సత్యాగ్రహం మొదలైంది, ఉస్మానియాలో వందేమాతరం ఉద్యమం లేచింది. 1941 జనాభా లెక్కల ప్రకారం సంస్థానంలో దాదాపు కోటీ అరవై మూడు లక్షల మంది ఉంటే అందులో ముస్లింలు నూటికి పన్నెండు పదమూడు మంది. పెద్ద ఉద్యోగాల్లో, పోలీసులో, సైన్యంలో మాత్రం వాళ్లదే పైచేయి. బాధ్యతాయుత ప్రభుత్వం వస్తే ఈ లెక్క తిరగబడుతుంది. మజ్లిస్ దీనికి ఒక సిద్ధాంతం కట్టింది: సార్వభౌమాధికారం నిజాం ఒక్కడి సొత్తు కాదు, దక్కన్ ముస్లిం సముదాయమంతటిదీ, సింహాసనం దానికి గుర్తు మాత్రమే. దీనికే "అనల్ మాలిక్" అని పేరు. తిండికి కటకటలాడే ముస్లిం చేనేత కార్మికుడికీ టాంగా తోలేవాడికీ కూడా నువ్వే రాజువని చెప్పింది ఈ సిద్ధాంతం. రాజుగారికి ఇది పొగడ్తా, బెదిరింపా అన్నది ఆ రోజుల్లోనే అంత స్పష్టంగా లేదు. నిజాంతో పొసగక బహదూర్ యార్ జంగ్ తన బిరుదునూ జాగీరునూ వదులుకున్నాడు.

1944 జూన్‌లో బహదూర్ యార్ జంగ్ హఠాత్తుగా చనిపోయాడు. తర్వాత వచ్చిన నాయకులెవరూ నిలవలేదు. ఆ ఖాళీలోకి రజ్వీ వచ్చాడు. రజ్వీ అలీగఢ్‌లో న్యాయశాస్త్రం చదివాడు. రాజధాని దర్బారుతో సంబంధం లేని జిల్లా వకీలు. రజాకార్లన్న స్వచ్ఛంద దళం అప్పటికే ఉంది. దాన్ని ఖాకీ బట్టలు, కవాతు, ప్రమాణం, ఆయుధాలు ఉన్న దండుగా మార్చింది మాత్రం రజ్వీయే. రజాకార్లు రెండు లక్షలన్న అంకె తరచుగా వినిపిస్తుంది. అందులో తుపాకీ చేతపట్టినవాళ్లు ఎందరు, బల్లెంతోనో కర్రతోనో నిలబడ్డవాళ్లు ఎందరన్నది ఆ అంకె చెప్పదు.

అక్టోబరు 27 తెల్లవారుజాము

రజ్వీ పెత్తనం ఎలా నడిచిందో చూడటానికి ఒక్క రాత్రి చాలు. 1947 అక్టోబరు చివరివారానికి భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడిక (స్టాండ్‌స్టిల్ అగ్రిమెంట్) ముసాయిదా సిద్ధమైంది. నిజాం ఒప్పుకున్నాడు. ప్రతినిధి వర్గం 27వ తేదీ ఉదయం ఢిల్లీకి విమానమెక్కాలి. తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, ప్రధాని ఛత్తారీ నవాబు, న్యాయ సలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్, ప్రతినిధి వర్గ సభ్యుడు సర్ సుల్తాన్ అహ్మద్ ఇళ్లను వేలాది మంది చుట్టుముట్టారు. పోలీసులు కదల్లేదు. లోపల ఉన్నవాళ్లను చివరికి సైన్యం వచ్చి బయటికి తీసుకుపోవలసి వచ్చింది. ప్రయాణం ఆగిపోయింది. నిజాం రజ్వీని పిలిపించి మాట్లాడాడు. భారత సైన్యం సరిగ్గా ఆ రోజే శ్రీనగర్‌లో దిగుతోంది. ఢిల్లీ చేతులు కాశ్మీరులో చిక్కుకున్నాయి, గట్టిగా అడిగితే ఇంతకన్నా మంచి షరతులు వస్తాయన్నది రజ్వీ వాదన. ఛత్తారీ రాజీనామా చేశాడు. కొత్త ప్రతినిధి వర్గం వెళ్లింది. నెల రోజుల బేరం తర్వాత నవంబరు 29న సంతకమైన ఒడంబడిక మొదటి ముసాయిదాకు ఇంచుమించు నకలు. కొన్నాళ్లకే మజ్లిస్‌కు అనుకూలుడైన పారిశ్రామికవేత్త మీర్ లాయక్ అలీ ప్రధాని అయ్యాడు.

ఈ సంఘటనను రెండు రకాలుగా చదివారు. గుంపు బలంతో రజ్వీ రాజును బందీ చేశాడన్నది ఒకటి. రాజుకు మనసులో ఉన్నదే గుంపు చేసిపెట్టిందన్నది రెండోది. పోలీసులు ఎందుకు కదల్లేదన్న ప్రశ్నకు మొదటి వాదంలో సరైన జవాబు దొరకదు. మరి సైన్యం ఎందుకు కదిలిందన్న ప్రశ్నకు రెండో వాదం తడబడుతుంది.

ఊళ్లలో

రాజధాని బయట కథ వేరు. సంస్థానం భూమిలో సుమారు మూడో వంతు జాగీర్దార్లది, పదో వంతు నిజాం సొంత సర్ఫేఖాస్. మిగిలిన దివానీ భూముల్లోనూ దేశ్‌ముఖులదే రాజ్యం. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపింది రజాకార్లు కారు, విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు. ఆ దొర హిందువు. వెట్టికీ బేదఖలీకీ ఎదురు తిరిగిన ఆంధ్రమహాసభ సంఘాలను అణచడానికి పోలీసులు చాలక, 1947 తర్వాత దొరలు చాలాచోట్ల రజాకార్ల సాయం తీసుకున్నారు. గడీల్లో విడిది, ఊరిమీద దాడి, ఇళ్ల దహనం, స్త్రీల మీద అత్యాచారాలు: నల్లగొండ, వరంగల్ జిల్లాల జ్ఞాపకాల్లో ఈ వరుస మళ్లీ మళ్లీ కనబడుతుంది.

తెలంగాణ పల్లె బైరాన్‌పల్లి పేరు అందరికీ తెలిసిందే. ఊరివాళ్లు రక్షణ దళం కట్టుకుని, బురుజు మీద కాపలా పెట్టి, రజాకార్ల తొలి దాడులను తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న వచ్చినవాళ్లు మాత్రం నిజాం సైన్యాన్ని వెంటబెట్టుకుని వచ్చారు. బురుజు నిలవలేదు. ఆనాడు చనిపోయినవారు తొంభై పైచిలుకని కొందరు, నూటికి మించి అని కొందరు రాశారు. రజాకార్ల దండు ఒక్కటే వచ్చినప్పుడు ఒక పల్లెను గెలవలేకపోయింది. సర్కారు ఫిరంగి తోడైనప్పుడే గెలిచింది. రజ్వీ బలం ఎంత సొంతం, ఎంత ఎరువు తెచ్చుకున్నదన్న చర్చలో ఈ తేడాకు ఇవ్వవలసినంత విలువ ఇచ్చినవాళ్లు తక్కువ.

రజాకార్ల చేతిలో పోయినవాళ్లంతా హిందువులు కారు. ఏడుగురు ముస్లిం ప్రముఖులు భారత్‌తో సంధి చేసుకోమని ఆగస్టులో విడుదల చేసిన ప్రకటనను ఇమ్రోజ్ పత్రిక అచ్చువేసింది. ఆ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక ఇంటికి పోతుంటే హైదరాబాద్ వీధిలో కాల్చి, చేయి నరికారు. అటువైపు చూస్తే రజ్వీకి అండగా నిలిచినవాళ్లంతా ముస్లింలూ కారు. లాయక్ అలీ మంత్రివర్గంలో పింగళి వెంకటరామారెడ్డి ఉపప్రధాని, దళిత నాయకుడు బి.ఎస్. వెంకటరావు మంత్రి. ఐక్యరాజ్యసమితికి వెళ్లిన హైదరాబాద్ ప్రతినిధి వర్గంలో దళిత నాయకుడు శ్యాంసుందర్ ఉన్నాడు. సవర్ణ హిందువుల రాజ్యం వస్తే తమ గతేమిటన్న దళితుల అనుమానం నిరాధారమని కొట్టేయడం సులువే. కాంగ్రెస్ ఆనాడు దానికి ఇచ్చిన జవాబేమిటో వెతకడమే కష్టం.

ఎవరి కథ ఎలా ఉంది

ఈ చరిత్రను మొదట రాసినవాళ్లు అందులో పాత్రధారులే. భారత ప్రభుత్వం 1948లో తెచ్చిన శ్వేతపత్రం, సంస్థానాల శాఖ కార్యదర్శిగా ఉన్న వి.పి. మీనన్ 1956లో సంస్థానాల విలీనంపై రాసిన పుస్తకం, భారత ఏజెంట్ జనరల్‌గా హైదరాబాద్‌లో ఉన్న కె.ఎం. మున్షీ 1957లో వెలువరించిన "ది ఎండ్ ఆఫ్ యాన్ ఎరా" ఒక్క గొంతుతో మాట్లాడతాయి: మతోన్మాది ఒకడు రాజును లొంగదీసుకుని రాజ్యాన్ని భయోత్పాతంలో ముంచాడు, శాంతిభద్రతల కోసం సైన్యం వెళ్లక తప్పలేదు. స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థ జ్ఞాపకాలు ఇదే దారిలో నడిచినా, నిజాంను అంత సులువుగా వదలవు.

కమ్యూనిస్టులకు రజ్వీ కారణం కాదు, పనిముట్టు. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ప్రచురించిన తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో అసలు శత్రువు ఫ్యూడల్ వ్యవస్థ, దాని కొసన నిజాం. రజాకార్లు దొరల ఆస్తిని కాపాడే కిరాయి మూక. 1948 సెప్టెంబరులో భారత సైన్యం జరిపిన పోలీసు చర్య తర్వాత అదే దొరలు ఖద్దరు టోపీ పెట్టుకుని ఊళ్లకు తిరిగొచ్చి భూములు లాక్కున్నారన్నది ఈ వాదానికి గట్టి సాక్ష్యం. అయితే దీనికి ఒక లోపం ఉంది. భూమి లేని, జాగీరు ఆశ లేని పట్నపు పేద ముస్లిం ఎందుకు ఖాకీ వేసుకున్నాడో ఇది చెప్పలేదు. "అనల్ మాలిక్" వంటి భావానికి ఇందులో చోటు లేదు.

నిజాం పక్షం వాదన కరాచీ నుంచి వచ్చింది. గృహనిర్బంధం నుంచి 1950లో తప్పించుకుపోయిన లాయక్ అలీ 1962లో రాసిన "ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్" ప్రకారం సంస్థానం న్యాయంగా స్వతంత్రం. ఆర్థిక దిగ్బంధంతో, సరిహద్దులోని కాంగ్రెస్ శిబిరాల దాడులతో భారత్ దాని ఊపిరి తీసింది. రజాకార్లు ఆత్మరక్షణకు పుట్టారు. సరిహద్దు దాడులు జరిగిన మాట నిజమే, వాటిని కాంగ్రెస్ వాళ్లే గర్వంగా చెప్పుకున్నారు. బైరాన్‌పల్లి మాత్రం సరిహద్దులో లేదు.

పరిశోధకులు ఈ మూడు పక్షాలకూ ఎడంగా నిలబడి చదివారు. విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ 1950లోనే దీన్ని ముస్లిం సమాజపు విషాదంగా చూశాడు: పాలకవర్గపు అల్పసంఖ్యాకులు తమ భయంతో తామే నాశనం కొనితెచ్చుకున్నారు, శిక్ష మాత్రం నిరపరాధులకు పడింది. కెరొలిన్ ఎలియట్ 1974లో పాత రాచరికపు కట్టుబాట్లు విడిపోవడంలో మూలం వెతికింది. లూసియన్ బెనిషూ 1938 నుంచి సాగిన సంస్కరణల బేరాల మీద దృష్టి పెట్టాడు. మధ్యేమార్గాలు ఒక్కొక్కటిగా మూసుకుపోయాకనే రజ్వీ లాంటివాడికి దారి దొరికిందన్నది అతని వాదన. ఎ.జి. నూరానీ 2013లో రజ్వీనీ నిజాంనూ ఉతికి ఆరేస్తూనే, సర్దార్ పటేల్, మున్షీలు సంధికి కడదాకా ప్రయత్నించారా అని నిలదీశాడు.

కాంగ్రెస్ రాతల్లో రజ్వీ ముందు నిలబడితే నిజాం తెరవెనక్కి పోతాడు; కమ్యూనిస్టుల రాతల్లో నిజాం, దొరలు ముందుకొస్తే రజ్వీ చిన్నవాడవుతాడు; లాయక్ అలీ రాతలో ఢిల్లీ తప్ప దోషి లేదు. విశ్వవిద్యాలయాల రచనలు తప్పును నలుగురికీ తలా కాస్త పంచాయి, కాని పల్లెలో దెబ్బ తిన్నవాళ్ల గొంతు వాటిలో తక్కువే.

ఫాసిజమేనా?

హిట్లర్‌తో పోలికను పైనుంచి వాడుకలోకి తెచ్చినవాడు మరెవరో కాదు, స్వయంగా మీర్ ఉస్మాన్ అలీఖాన్. 1948 సెప్టెంబరు 23న రేడియోలో మాట్లాడుతూ, రజ్వీ ముఠా హిట్లర్ జర్మనీని తలపించే పద్ధతులతో రాజ్యాన్ని చేజిక్కించుకుని తనను నిస్సహాయుణ్ణి చేసిందని ఏడవ నిజాం ప్రకటించాడు. ముప్పై ఏడేళ్లు ఏకఛత్రంగా ఏలినవాడు ఇలా తప్పుకోవడం ఢిల్లీకి కూడా అనుకూలమైంది. 1950 జనవరి 26 నుంచి 1956 దాకా ఆయన రాజప్రముఖ్. ఏడాదికి యాభై లక్షల రాజభరణం. రజ్వీకి జైలు. కాబట్టి ఈ పోలికను వాడేముందు, మొదట అది ఎవరికి పనికొచ్చిందో గుర్తుంచుకోవాలి.

అలాగని పోలిక ఉత్తదీ కాదు. యూనిఫారం, ప్రమాణం, నాయకుడి ప్రసంగాల మత్తు, వీధి గుంపుతో ప్రభుత్వాన్ని వంచడం, ఎదురు మాట్లాడిన పత్రికా సంపాదకుణ్ణి చంపడం: ఇవన్నీ 1920ల ఇటలీ చదివినవాళ్లకు పరిచితాలే. పో నది మైదానంలో రైతుకూలీ సంఘాలను విరగ్గొట్టడానికి భూస్వాములు ముస్సోలినీ నల్లచొక్కాల వాళ్లను పోషించిన తీరుకూ, తెలంగాణ గడీల తీరుకూ దగ్గరి చుట్టరికం ఉంది. 1922 అక్టోబరులో రోముకు దండయాత్ర జరిగినప్పుడు గుంపును సైన్యంతో చెదరగొట్టగలిగీ రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్ సంతకం పెట్టలేదు, ముస్సోలినీని ప్రధానిగా పిలిచాడు. 1947 అక్టోబరులో నిజాం రజ్వీని పిలిపించాడు.

తేడా ఆ తర్వాతే. ముస్సోలినీ ఇరవై ఏళ్లలో రాజ్యాన్నే తన పార్టీగా మలుచుకున్నాడు. రజ్వీ ఆ పని మొదలైనా పెట్టలేదు. ఖజానా, సైన్యం, ఫర్మానా నిజాం చేతుల్లోనే ఉన్నాయి. సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ రజాకార్లను లెక్కచేసేవాడు కాదు. ఫాసిజాన్ని పతనమైన జాతి పునర్జన్మను కలగనే జనాకర్షక అతిజాతీయవాదమని రోజర్ గ్రిఫిన్ నిర్వచించాడు. ఆ కొలతకు కూడా మజ్లిస్ సగమే తూగుతుంది: అది కోరింది కొత్త సమాజం కాదు, చేయి జారిపోతున్న పాత పెత్తనం. రాబర్ట్ పాక్స్‌టన్ మాదిరి ఫాసిజాన్ని సిద్ధాంతంలో కాక దశలుగా, చేతల్లో చూస్తే మాత్రం రజ్వీ ఉద్యమం తొలి దశలు దాటి, అధికారపు గుమ్మం దగ్గర ఆగిపోయిందనవచ్చు. ఉన్న వాదాల్లో సాక్ష్యాలకు అతుక్కునేది ఇదే. నియంత అన్న మాట రజ్వీకి పెద్దదవుతుంది. ఫాసిస్టు పద్ధతులన్న మాటకు ఆధారాలకు కొదవ లేదు.

ఐదు రోజుల్లో

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం షోలాపూర్, బెజవాడ ప్రధాన మార్గాలుగా సంస్థానంలోకి ప్రవేశించింది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి షోలాపూర్ వైపు నుంచి నడిచాడు. 17న నిజాం లొంగిపోతున్నట్టు ప్రకటించాడు, మరుసటి రోజు ఎల్ ఎద్రూస్ లాంఛనంగా లొంగుబాటు చేశాడు. లక్షల మంది కాచుకుని ఉన్నారన్న రజాకార్ల సేన గట్టిగా నిలవలేకపోయింది. అరెస్టయ్యేనాటికి రజ్వీ వెనుక ఎవరూ లేరు. ఉద్యమం పునాదిలో ఉన్న బలహీనత ఇక్కడ బయటపడింది: దాని ధైర్యమంతా సర్కారు తమ పక్షమన్న నమ్మకం మీద నిలిచినది, సర్కారే చేతులెత్తేశాక నిలబడటానికి నేల లేదు.

షోయబుల్లాఖాన్ హత్య కేసులో రజ్వీకి పడ్డ శిక్ష పైకోర్టులో నిలవలేదు. 1948 జనవరి 10 నాటి బీబీనగర్ దోపిడీ కేసులో పడ్డ ఏడేళ్ల శిక్ష నిలిచింది. ప్రత్యేక ట్రిబ్యునల్ విచారణ రాజ్యాంగం ఇచ్చిన సమానత్వ హక్కుకు విరుద్ధమన్న వాదనను 1953లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. వేలమంది మీద జరిగిన హింసకు బాధ్యుడన్న మనిషిని చివరికి ఒక దోపిడీ కేసులో జైల్లో పెట్టవలసి రావడం రాజకీయ నేరాన్ని చట్టం కొలిచే తీరుకు ఉదాహరణ. 1957 సెప్టెంబరులో విడుదలై, మజ్లిస్‌ను అబ్దుల్ వాహిద్ ఒవైసీకి అప్పగించి పాకిస్తాన్ వెళ్లిపోయాడు. 1958లో కొత్త నియమావళితో భారత రాజ్యాంగ పరిధిలో ఆ పార్టీ మళ్లీ మొదలైంది. రజ్వీ 1970లో కరాచీలో చనిపోయాడు.

ఇంకా తేలనివి

మృతుల లెక్క మొదటిది. రజాకార్ల కాలానికి చెప్పే అంకెలు ఎక్కువగా శ్వేతపత్రం నుంచో పార్టీల ప్రచురణల నుంచో వచ్చినవి. పోలీసు చర్య తర్వాతి హింసకు పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరుల కమిటీ నివేదిక ఉంది. 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో జిల్లాలు తిరిగిన ఆ కమిటీ, పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా కనీసం 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. అత్యధిక నష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. ప్రభుత్వం దాన్ని అంగీకరించలేదు, ప్రచురించలేదు. 2013 ప్రాంతంలో గాని పాఠం బయట అందుబాటుకు రాలేదు. ఒక హింసను చెప్పి మరొక హింసను దాచే అలవాటు అటూ ఇటూ రెండు పక్షాలకూ ఉంది. రజాకార్ల దౌర్జన్యం సుందర్‌లాల్ నివేదికను రద్దు చేయదు, ఆ నివేదిక బైరాన్‌పల్లిని చెరిపేయదు.

నిజాం, రజ్వీల సంబంధం రెండోది. రాజు బందీయా, భాగస్వామా అన్నదానికి అక్టోబరు 27 ఘటనా, సెప్టెంబరు 23 ప్రసంగమూ ఎదురెదురు సాక్ష్యాలు. మూడోది ప్రాంతాల తేడా. తెలంగాణలో భూమి తగాదా బలంగా కనబడితే, మరాఠ్వాడాలో, కన్నడ జిల్లాల్లో మతవైరమే ముందుంటుంది. రజ్వీ వకీలుగా ఉన్న లాతూరు మరాఠ్వాడాలోదే అయినా, తెలుగు రచనలన్నీ నల్లగొండ, వరంగల్ నుంచే అతణ్ణి చూశాయి.

2024 మార్చిలో "రజాకార్" సినిమా వచ్చినప్పుడు ఈ పాత వాదాలన్నీ కొత్తగా లేచాయి. సెప్టెంబరు 17ను 2022లో కేంద్రం విమోచన దినంగా, తెలంగాణ ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగా జరిపాయి. రాష్ట్రంలో ప్రభుత్వం మారాక 2024లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ప్రజాపాలన దినోత్సవంగా జరిపింది. కమ్యూనిస్టులు సాయుధ పోరాట వారోత్సవాలు జరుపుతూనే ఉన్నారు. విమోచనం అన్నవాళ్లు రజ్వీ నుంచి, సమైక్యత అన్నవాళ్లు నిజాం సంతకం నుంచి, వారోత్సవాల వాళ్లు దొరల గడీ నుంచి కథ మొదలుపెడతారు.